పది వేల లోపు బేస్ కంప్రెసర్ కావాలి, కానీ ఆన్ చేస్తే సౌండ్ చచ్చిపోతోంది

పటమట_బేస్
ఆదివారం చర్చిలో, ముహూర్తాల సీజన్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తుంటాను. నాలుగు తీగల పాసివ్ (లోపల బ్యాటరీ లేని) జాజ్ బేస్ గిటార్ కాపీ నాది. నాలుగో తీగ (అన్నిటికంటే లావుది) మీద కింది ఫ్రెట్లు బూమ్మంటాయి, ఒకటో తీగకి వెళ్లేసరికి నోటు మాయం. సౌండ్ ఆపరేటర్ అన్న వెనక నుంచి "పెంచు", "తగ్గించు" అని చేత్తో సైగలు చేస్తూనే ఉంటాడు.
ఫ్రెండ్ దగ్గర రెండు నాబ్‌ల గిటార్ కంప్రెసర్ (గట్టి నోట్లని దించి లెవెల్ సమం చేసే పెడల్) తెచ్చి పెట్టి చూశా. నోట్లన్నీ ఒకే లెవెల్‌కి వచ్చిన మాట నిజమే, కానీ వేలు తీగకి తగిలిన ఆ టక్కు మొత్తం పోయింది, కింద బరువూ పోయింది. పది వేల లోపు బేస్‌కి పనికొచ్చేది ఏదైనా ఉందా? ఉంటే ఎలా సెట్ చేసుకోవాలి? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు, బుర్ర తిరిగిపోతోంది.

బ్రాడీపేట_బాబాయ్
ఆ పది వేలు జేబులోనే ఉంచుకో. రోజూ అరగంట మెట్రోనోమ్ పెట్టుకుని రెండు వేళ్లూ సమానంగా పడేట్టు సాధన చెయ్యి. మా రోజుల్లో గిటారు, కేబులు, ఆంప్, అంతే. పెడల్ అనే మాటే తెలీదు మాకు.

మెట్రోనోమ్_భయం
బాబాయ్ వచ్చేశాడు, ఇంక థ్రెడ్‌కి తాళం వేసుకోవచ్చు.

కృష్ణలంక_5స్ట్రింగ్
@బ్రాడీపేట_బాబాయ్ మీ రోజుల్లో మీరు విని నేర్చుకున్న రికార్డింగుల్లో స్టూడియో వాళ్లు కంప్రెసర్ వేసే ఉంటారు బాబాయ్. 1176 అనే పెట్టె 1967లోనే వచ్చింది. ఇప్పుడు బేస్ పెడల్స్‌లో కొన్ని దాన్ని చూసి చేసినవే.

బ్రాడీపేట_బాబాయ్
రికార్డింగ్ వేరు, పందిట్లో వాయించడం వేరు. స్టూడియోలో రెండో టేక్ ఉంటుంది.

స్లాప్_సత్తెనపల్లి
నాకైతే కంప్రెసర్ లేకుండా స్టేజ్ ఎక్కాలంటేనే టెన్షన్. బొటనవేలి దెబ్బకీ, తీగని లాగి వదిలే పాప్‌కీ మధ్య తేడా ఎంతుంటుందో స్లాప్ వాయించేవాళ్లకే తెలుసు. రేషియో (ఎంత నొక్కాలి) 8, ఎటాక్ (ఎంత త్వరగా నొక్కాలి) ఫుల్ ఫాస్ట్. పెట్టేసి మర్చిపో.

మిక్సర్_మావయ్య
సత్తెనపల్లి బాబూ, ఆ సెట్టింగ్ వేళ్లతో వాయించేవాడికి పెడితే ఇప్పుడు అతను ఏడుస్తున్న సమస్యే వస్తుంది. ఎటాక్ అంత ఫాస్ట్ పెడితే టక్కు బయటికి వచ్చేలోపే కంప్రెసర్ నొక్కేస్తుంది.

గుంటూరులో ఇరవై ఏళ్లకి పైగా కన్సోల్ వెనక కూర్చుంటున్నా కాబట్టి కాస్త వివరంగా రాస్తా. పటమట తమ్ముడి పోస్టులో ఒకే సమస్య లేదు, మూడున్నాయి. తీగకీ తీగకీ మధ్య తేడా ఒకటి. ఒకే తీగ మీద దెబ్బకీ దెబ్బకీ మధ్య తేడా రెండోది. హాల్లో ఏవో కొన్ని నోట్లే బూమ్మనడం మూడోది. వీటిలో కంప్రెసర్ పని రెండోదే. మొదటిది స్క్రూడ్రైవర్ పని, మూడోది ఈక్యూ (కింది, మధ్య, పై శబ్దాలు విడిగా సర్దే నాబ్‌లు) పని. మూడింటికీ కలిపి ఒక పెడల్ కొనేసి, అది మూడూ చెయ్యడం లేదని తిట్టుకోవడం నేను ప్రతి సీజన్‌లో చూస్తున్నా.

ముందు పికప్ (తీగల కింద ఉండే అయస్కాంతపు ముక్క) ఎత్తు చూడు. తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగ అడుగుకీ పికప్ పోల్‌కీ మధ్య ఎంత సందుందో కొలువు. నాలుగో తీగ వైపు మూడు మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ఒకటో తీగ వైపు రెండున్నర దాకా ఉంటే మొదలుపెట్టడానికి బాగుంటుంది. అక్కణ్ణుంచి చెవితో సర్దుకో. మరీ దగ్గరికి లేపకు, అయస్కాంతం తీగని లాగుతుంది, పై ఫ్రెట్లలో శ్రుతి తేడా కొడుతుంది.

పటమట_బేస్
@మిక్సర్_మావయ్య ఇది నాకు ఎవరూ చెప్పలేదు మావయ్యా. షాపులో సెటప్ చేయించా అనుకున్నా, వాళ్లు తీగలు మార్చి శ్రుతి చేసి ఇచ్చారంతే. రాత్రికి చూసి చెప్తా.

కొత్తపేట_కీస్
బేస్ వినపడకపోవడానికి అసలు కారణం ఎవరూ చెప్పట్లేదేంటి? మీ కీబోర్డ్ ప్లేయర్ ఎడమ చేత్తో ఏం చేస్తున్నాడో చూశావా? నేనూ కీబోర్డే, అందుకే చెప్తున్నా. ఆర్కెస్ట్రాలో బేస్ గిటారిస్ట్ రాని రోజుల్లో అలవాటైపోయి, వచ్చిన రోజు కూడా ఎడమ చెయ్యి అదే నోటు కింద ఆక్టేవ్‌లో నొక్కుతూనే ఉంటుంది. రెండూ కలిసి బురద. అప్పుడు ఏ కంప్రెసరూ ఏమీ చెయ్యలేదు.

మెట్రోనోమ్_భయం
కీబోర్డ్ వాడు ఒప్పుకున్నాడు!! ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండ్రా.

బ్రాడీపేట_బాబాయ్
కీస్ చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఈ ఫోరంలో మొదటిసారి ఒక కీబోర్డ్ మనిషితో ఏకీభవిస్తున్నా.

మంగళగిరి_మ్యూట్
ఆక్టోప్యాడ్‌లో (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) కిక్ సౌండ్ కూడా చూసుకోండి. మా చర్చిలో కిక్‌కి తోక ఎంత పొడుగంటే, నా నోటు మొదలయ్యేసరికి ఇంకా మోగుతూనే ఉంటుంది. ప్యాచ్ మార్పించాక సగం గొడవ పోయింది. ఆ తర్వాత నేను మిడ్స్ (మధ్య శబ్దాలు) కొంచెం లేపా, 500 హెర్ట్జ్ చుట్టూ. ఇంట్లో ఒక్కడివే వింటే ముక్కుతో పాడినట్టుంటుంది, బ్యాండ్‌లో కలిస్తే అదే నిన్ను వినిపిస్తుంది.

పటమట_బేస్
మంచిదే కానీ, కంప్రెసర్ ఏది కొనాలో ఇంకా ఎవరూ చెప్పలేదు 🙂

కృష్ణలంక_5స్ట్రింగ్
సరే, నేను వాడినవీ చేతిలో పెట్టి చూసినవీ చెప్తా.

ఎంఎక్స్ఆర్ ఎం87: చిన్న డబ్బా, ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎటాక్, రిలీజ్, రేషియో అన్నీ విడివిడిగా ఉంటాయి. ఎంత నొక్కుతోందో చూపించే లైట్ల వరస ఉంటుంది. నేర్చుకోవడానికి దీన్ని మించింది చూడలేదు. కానీ కొత్తది నీ బడ్జెట్ దాటుతుంది.

బాస్ బీసీ-1ఎక్స్: మల్టీబ్యాండ్. అంటే కిందిదీ పైదీ విడగొట్టి వేరువేరుగా నొక్కుతుంది, కాబట్టి నాలుగో తీగని గట్టిగా కొట్టినా పైన ఉన్న టక్కు బతికే ఉంటుంది. థ్రెషోల్డ్, రేషియో, రిలీజ్, లెవెల్ ఉంటాయి, ఎటాక్ నాబ్ ఉండదు. దీనికీ మీటర్ లైట్లున్నాయి. ఇదీ కొత్తదైతే పది దాటుతుంది, సెకండ్ హ్యాండ్ దొరికితే వదలకు.

టీసీ స్పెక్ట్రాకాంప్: ఒక్కటే నాబ్, ఇదీ మల్టీబ్యాండే. చాలా చిన్నది, బోర్డులో ఏ మూలైనా పట్టేస్తుంది. మీటర్ లేదు.

పాతకాలం రెండు నాబ్‌ల డైనా కాంప్ పద్ధతి పెడల్స్ గిటార్‌కి బాగుంటాయి, బేస్‌కి నేనైతే పెట్టను.

వడ్డేశ్వరం_వాల్యూమ్
నా దగ్గర స్పెక్ట్రాకాంప్ ఉంది. నాబ్ ఒక్కటే కదా అని చిన్న చూపు చూడొద్దు. ఫోన్‌లో టోన్‌ప్రింట్ యాప్ తెరిచి, ఫోన్ స్పీకర్‌ని పికప్‌కి ఆనించి పంపిస్తే, కీచుమని మోగి సెట్టింగ్ మొత్తం కేబుల్ గుండా పెడల్‌లోకి వెళ్లిపోతుంది. మొదటిసారి చూసి మా హాస్టల్ రూమ్ మొత్తం నవ్వారు. ఫెస్ట్‌లో స్టేజ్ మీద టైమ్ ఉండదు, నాబ్ పది గంటల దగ్గర పెట్టి వాయించేస్తా.

ఓమ్స్_లా
రెండు నాబ్‌ల పెడల్‌తో సౌండ్ ఎందుకు చచ్చిందో చెప్తా, అప్పుడు ఏది కొనాలో నీకే తెలుస్తుంది.

కంప్రెసర్ అంటే ఫేడర్ మీద వేలు పెట్టుకుని కూర్చున్న మనిషి. గట్టిగా వస్తే కిందికి లాగుతాడు, తగ్గితే వదిలేస్తాడు. ఏ గట్టిదనం దగ్గర లాగడం మొదలెట్టాలో థ్రెషోల్డ్ చెబుతుంది, ఎంత లాగాలో రేషియో చెబుతుంది. ఎంత త్వరగా లాగాలి అన్నది ఎటాక్, ఎంత త్వరగా వదలాలి అన్నది రిలీజ్.

లెక్క వేసి చూడు. థ్రెషోల్డ్ -20 డీబీ (డెసిబెల్), రేషియో 4. నువ్వు గట్టిగా కొడితే -8 వచ్చిందనుకో, అంటే 12 డీబీ పైన. నాలుగో వంతు 3 మాత్రమే బయటికి వస్తుంది, అంటే -17. మెత్తగా కొట్టింది -18 అయితే 2 డీబీ పైన, అది అర డీబీ అవుతుంది, -19.5. ఇంతకుముందు రెంటికీ తేడా 10 డీబీ, ఇప్పుడు రెండున్నర. మొత్తం లెవెల్ పడిపోయింది కాబట్టి చివర్లో అవుట్‌పుట్ పెంచుతాం.

ఇక బేస్‌కి ప్రత్యేకమైన చిక్కు. నాలుగో తీగ ఓపెన్ నోటు దాదాపు 41 హెర్ట్జ్. ఒక్క అల పూర్తవడానికి 24 మిల్లీసెకన్లు పడుతుంది. ఎటాక్, రిలీజ్ రెండూ మరీ ఫాస్ట్‌గా పెడితే కంప్రెసర్ నీ నోటు లెవెల్‌ని కాకుండా ఒక్కో అలనే పట్టుకుని లాగి వదలడం మొదలెడుతుంది. గరగరమని వినిపించేది అదే. గిటార్‌లో ఈ బాధ తక్కువ, తీగలు పైన మోగుతాయి కాబట్టి. పైగా బేస్‌లో శక్తంతా కిందే ఉంటుంది. ఆ బరువుకి కంప్రెసర్ స్పందించి సిగ్నల్ మొత్తాన్ని దించేస్తే, పాపం ఏమీ చెయ్యని పై టక్కు కూడా దాంతోపాటు పోతుంది. అందుకే బేస్ పెడల్స్‌లో మల్టీబ్యాండ్ పెడతారు, లేదంటే సైడ్‌చైన్‌లో (కంప్రెసర్ లెవెల్ వినే దారిలో) లో కట్ పెట్టి కింది శబ్దాలు తగ్గిస్తారు, లేదంటే బ్లెండ్ నాబ్ పెట్టి అసలు సౌండ్‌ని పక్కన కలుపుతారు.

స్లాప్_సత్తెనపల్లి
ఒప్పుకుంటా, వేళ్లకి వేరే సెట్టింగ్. కానీ స్లాప్‌కి 8 కంటే తక్కువ పెడితే పాప్‌కి ట్వీటర్ పగిలిపోతుందేమో అనిపిస్తుంది.

ఓమ్స్_లా
అది నిజమే. నీ దాంట్లో ఆ పాపే కావాలి, అది చెవిలో గుచ్చుకోకుండా పట్టుకోవాలి. అతనిది వేళ్ల వాయింపు, టక్కు దానంతట అదే చిన్నది.

పటమట_బేస్
పికప్ చూశా. ఒకటో తీగ వైపు దాదాపు అయిదు మిల్లీమీటర్లు దిగిపోయి ఉంది!! స్క్రూ తిప్పి లేపాను, నాలుగో తీగ వైపు కాస్త దించాను. ఒకటో తీగ ఇప్పుడు వినపడుతోంది. ఇన్నాళ్లూ ఆ తీగని చచ్చేట్టు గట్టిగా కొడుతున్నా, ఇప్పుడు ఆ అవసరం లేదు.
కానీ ఏడో ఫ్రెట్ దగ్గర ఒక్క నోటు మాత్రం త్వరగా ఆరిపోతోంది.

మిక్సర్_మావయ్య
అది డెడ్ స్పాట్. ఆ రకం బేస్‌ల మెడల్లో ఒకటో తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఎక్కడో ఒక చోట తరచూ ఉంటుంది. మెడ ఆ ఫ్రీక్వెన్సీకి తానూ ఊగి తీగలోని శక్తిని మింగేస్తుంది. నెమ్మది పాటల్లో కంప్రెసర్ రిలీజ్ సరిగ్గా పెడితే కొంచెం కప్పిపుచ్చుతుంది, పూర్తిగా పోదు. లేదంటే అదే నోటుని రెండో తీగ మీద పట్టుకో.

బ్రాడీపేట_బాబాయ్
చూశారా, స్క్రూడ్రైవర్ యాభై రూపాయలు. పని అయిపోయింది. ఇంకెందుకు పెడల్?

వడ్డేశ్వరం_వాల్యూమ్
బాబాయ్, తీగల మధ్య తేడా పోయింది, దెబ్బల మధ్య తేడా ఉంటుంది కదా. మావయ్య చెప్పింది అదే. స్టేజ్ మీద ఊపులో కొట్టేది ఇంట్లో కొట్టినట్టు ఉండదు.

బ్రాడీపేట_బాబాయ్
ఊపులో కొడితే గట్టిగా వినపడాలమ్మా. చరణంలో మెత్తగా, పల్లవికి వచ్చేసరికి గట్టిగా. దాన్ని కూడా మిషన్ పెట్టి చదును చేస్తే వాయించడం దేనికి? ఇళయరాజా గారి పాటల్లో బేస్ విను, ఒక నోటు నీ మీదకి వస్తుంది, పక్క నోటు వెనక్కి జరుగుతుంది. అది కావాలని చేసింది.

మిక్సర్_మావయ్య
బాబాయ్ చెప్పింది కొట్టిపారెయ్యను. అందుకే 3 నుంచి 6 డీబీ నొక్కితే చాలంటాను, అదీ గట్టి నోట్ల మీద మాత్రమే. మెత్తగా వాయించినప్పుడు మీటర్ లైటు వెలగకూడదు. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే బాబాయ్ భయపడేది నిజంగానే జరుగుతోందని అర్థం.

పటమట_బేస్
అయితే ఏ వరసలో సెట్ చెయ్యాలి మావయ్యా? నాబ్‌లు అయిదుంటే ఏది ముందు తిప్పాలో తెలీట్లేదు.

మిక్సర్_మావయ్య
ముందు అన్నీ అతిగా పెట్టు. రేషియో చివరికి, థ్రెషోల్డ్ బాగా కిందికి, రిలీజ్ ఫాస్ట్. అసహ్యంగా ఉంటుంది, ఫర్వాలేదు, ఏ నాబ్ ఏం చేస్తోందో అప్పుడే వినపడుతుంది. ఇప్పుడు ఎటాక్‌ని ఫాస్ట్ నుంచి నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ ఒకే నోటు కొడుతూ ఉండు. ఒక చోట వేలి టక్కు తిరిగి వస్తుంది. అక్కడ ఆపు.

తర్వాత రిలీజ్. నువ్వు ఎక్కువగా వాయించే పాట టెంపో తీసుకో. 120లో ఎయిత్ నోట్‌కీ నోట్‌కీ మధ్య 250 మిల్లీసెకన్లు. మీటర్ ఆ లోపల సున్నాకి వచ్చెయ్యాలి. రాకపోతే ముందు నోటు చేసిన తప్పుకి వెనక నోటు శిక్ష అనుభవిస్తుంది. అప్పుడు రేషియోని 4కి దించు, థ్రెషోల్డ్‌ని పైకి లేపుకుంటూ వచ్చి గట్టి దెబ్బకి అయిదారు డీబీ దగ్గర ఆపు.

చివరిది ముఖ్యం. పెడల్ ఆన్‌లో, ఆఫ్‌లో ఒకే వాల్యూమ్ ఉండేట్టు అవుట్‌పుట్ పెట్టు. కాస్త గట్టిగా ఉంటే చాలు, ఎవరి చెవికైనా బాగున్నట్టే అనిపిస్తుంది. షాపులో ఆన్ చెయ్యగానే "అబ్బ" అనిపించి కొనేది చాలాసార్లు ఆ రెండు డీబీలనే.

కృష్ణలంక_5స్ట్రింగ్
మావయ్య పోస్ట్‌ని పిన్ చెయ్యండి ఎవరైనా. ఒక్క జాగ్రత్త: అసలు 1176లో ఎటాక్, రిలీజ్ నాబ్‌లు తిరగేసి ఉంటాయి, కుడివైపుకి తిప్పితే ఫాస్ట్. దాన్ని చూసి చేసిన పెడల్స్‌లో కొన్ని అదే పద్ధతి పట్టుకున్నాయి. మాన్యువల్ చూసుకుని తిప్పు.

మంగళగిరి_మ్యూట్
ఇంకో ప్రశ్న. మా చర్చిలో ఎక్స్32 డిజిటల్ మిక్సర్ ఉంది, ప్రతి చానెల్‌లో కంప్రెసర్ ఉంది. ఆపరేటర్ బ్రదర్ ఎలాగూ వేస్తాడు. ఇక్కడ పెడల్, అక్కడ మిక్సర్, రెండుసార్లు నొక్కితే?

మిక్సర్_మావయ్య
రెండూ కొంచెం కొంచెం నొక్కితే ఒక్కటే గట్టిగా నొక్కినదానికంటే బాగుంటుంది. ఇద్దరూ గట్టిగా నొక్కితే పిండి. వాయించే ముందే ఆపరేటర్‌కి "నా దగ్గర కంప్రెసర్ ఉంది" అని ఒక్క మాట చెప్పండి చాలు, మేం మాది తగ్గించుకుంటాం. ఎవరూ చెప్పరు. మేం మీటర్ చూసి ఊహించుకోవాలి.
రోజూ ఒకే చర్చి, ఒకే ఆపరేటర్ అయితే నిజానికి పెడల్ కొనక్కర్లేదు. ఆర్కెస్ట్రా అంటే రోజుకో సిస్టమ్, రోజుకో మనిషి, కాబట్టి తమ్ముడికి అవసరమే.

వడ్డేశ్వరం_వాల్యూమ్
పెడల్స్ వరసలో ఎక్కడ పెట్టాలి? నాకు ట్యూనర్, ఎన్వలప్ ఫిల్టర్, ఓవర్‌డ్రైవ్ ఉన్నాయి.

ఓమ్స్_లా
ట్యూనర్, ఫిల్టర్, కంప్రెసర్, డ్రైవ్. ఎన్వలప్ ఫిల్టర్ నువ్వు ఎంత గట్టిగా కొట్టావన్నదాన్ని బట్టే నోరు తెరుస్తుంది. దాని ముందు కంప్రెసర్ పెడితే అన్నీ సమానంగా వచ్చి, ఫిల్టర్ ప్రతి నోటుకీ ఒకేలా తెరుచుకుంటుంది, మజా ఉండదు. డ్రైవ్ తర్వాత కంప్రెసర్ పెడితే డ్రైవ్ నాయిస్ కూడా పైకి లేస్తుంది.

స్లాప్_సత్తెనపల్లి
నాయిస్ అంటే గుర్తొచ్చింది. పందిట్లో జెనరేటర్ మీద వాయించేటప్పుడు పాటకీ పాటకీ మధ్య హమ్ లేచి వస్తుంది, ఇంట్లో రాదు. పెడల్ పోయిందా?

ఓమ్స్_లా
పెడల్ బాగానే ఉంది. నువ్వు వాయించనప్పుడు కంప్రెసర్ సిగ్నల్‌ని దించడం మానేస్తుంది, నువ్వు పెంచి పెట్టిన అవుట్‌పుట్ మాత్రం అలాగే ఉంటుంది. ఉన్న హమ్‌ని అది ఎత్తి చూపిస్తుంది. జాజ్ బేస్ సింగిల్ కాయిల్ అయితే రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ ఫుల్‌లో పెట్టు, సాధారణంగా ఒకదాని హమ్‌ని ఇంకోటి కొట్టేస్తుంది. ఒకటి తగ్గించగానే మళ్లీ వస్తుంది. పెడల్స్ అన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరు వేసి ఉంటే అదీ అనుమానించు, ఒక్క పెడల్‌ని బ్యాటరీ మీద నడిపి చూస్తే తెలిసిపోతుంది.

కొత్తపేట_కీస్
పాటకీ పాటకీ మధ్య వాల్యూమ్ తగ్గించుకోవచ్చు కదా.

మెట్రోనోమ్_భయం
బేసిస్ట్‌ని వాల్యూమ్ తగ్గించుకోమంటున్నాడు, ఇతన్ని బ్యాన్ చెయ్యండి.

పటమట_బేస్
ఇంతా చదివాక నాకు అర్థమైంది ఏంటంటే మీటర్ ఉన్నది కావాలి, మల్టీబ్యాండ్ అయితే ఇంకా మంచిది. సెకండ్ హ్యాండ్ బీసీ-1ఎక్స్ ఒకటి గుంటూరు అరండల్‌పేటలో ఒకాయన దగ్గర ఉందట, బడ్జెట్‌లోనే ఇస్తానంటున్నాడు. ఇంకో పక్క కొత్త జూమ్ బీ1 ఫోర్ మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ కూడా ఆలోచిస్తున్నా, అందులో కంప్రెసర్లు, రిథమ్, లూపర్ అన్నీ ఉన్నాయి కదా.

కృష్ణలంక_5స్ట్రింగ్
ఇంట్లో సాధనకి జూమ్ బ్రహ్మాండం, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రిథమ్‌తో వాయించొచ్చు. కానీ స్టేజ్ మీద పాట మధ్యలో వంగి ఎల్సీడీ స్క్రీన్‌లో రేషియో వెతుక్కోవాలి. పైగా దానికి మిక్సర్‌కి నేరుగా వెళ్లే ఎక్స్ఎల్ఆర్ అవుట్ లేదు, సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ విడిగా కావాలి. నీకు కావాల్సింది ఒక్క కంప్రెసరే అయితే బాస్ తీసుకో.

బ్రాడీపేట_బాబాయ్
నాకైతే ఆ జూమే నయం. లోపల రిథమ్ ఉంది అంటున్నావు కదా, దాంతో సాధన అయినా చేస్తాడు.

మిక్సర్_మావయ్య
సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు నీ బేస్, నీ కేబుల్, నీ అడాప్టర్ తీసుకెళ్లు. అడాప్టర్ 9 వోల్టులు, సెంటర్ నెగెటివ్ అని దాని మీద గుర్తు చూసుకో, తిరగేసింది గుచ్చితే పెడల్ లోపల ఏదైనా కాలిపోవచ్చు. వాయించకుండా ఆన్ చేసి ఒక నిమిషం విను. జాక్‌లో కేబుల్‌ని అటూ ఇటూ కదిపి చూడు, గరగర వస్తే రేటు తగ్గించమను. ఫుట్‌స్విచ్‌ని చాలాసార్లు తొక్కి చూడు, ఒక్కసారి పలక్కపోయినా తీసుకోకు. గట్టిగా కొట్టి మీటర్ లైట్లు కదులుతున్నాయో లేదో చూడు.

పటమట_బేస్
శనివారం సాయంత్రం వెళ్తున్నా. ఆయన దగ్గర ఆంప్ లేదట, హెడ్‌ఫోన్స్‌తో చూసుకోవచ్చా?

ఓమ్స్_లా
దాంట్లో హెడ్‌ఫోన్ జాక్ లేదు, నేరుగా గుచ్చితే సరిగ్గా వినపడదు. చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ ఉంటే తీసుకెళ్లు. అది కూడా లేకపోతే వడ్డేశ్వరం అక్కనో ఎవరినో అడుగు, దారిలోనే కదా.

వడ్డేశ్వరం_వాల్యూమ్
నా దగ్గర ఉంది, క్యాంపస్ గేటు దగ్గరికి వస్తే ఇస్తా. చార్జింగ్ మాత్రం పెట్టి తిరిగివ్వాలి.